ఎముక లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎముక మీద బలం పడితే, విద్యుత్ క్షేత్రమో అయస్కాంత క్షేత్రమో సోకితే అది ఎలా స్పందిస్తుంది, దాన్ని కంప్యూటర్‌లో ఎలా లెక్క కడతారు? ఈ విషయమై నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: తొడ ఎముక సీటీ స్కాన్‌తో ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (ఎముకను ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించేది) చేస్తున్నాం. మనిషి బరువు 60 కిలోలు. ఎముక తల మీద 600 న్యూటన్లు వేస్తే ఒకచోట 480 మెగాపాస్కల్ స్ట్రెస్ (చదరపు మిల్లీమీటరుకి 480 న్యూటన్ల ఒత్తిడి) చూపిస్తోంది. అంత వస్తే ఎముక విరిగిపోవాలి కదా? ఎక్కడ తప్పుతున్నాం? సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొనే స్తోమత కూడా మాకు లేదు.
(మెకానికల్ బీటెక్ విద్యార్థులు, ఒంగోలు)

జవాబు: తొడ నడిమి భాగంలోని గట్టి ఎముక లాగితే సుమారు 130, నొక్కితే సుమారు 190 నుంచి 200 మెగాపాస్కల్ దగ్గర విరుగుతుంది. మామూలుగా నడిచే మనిషికి 480 రానే రాదు. బొమ్మలో స్ట్రెస్ ఎక్కువని ఎర్రగా చూపించే ఆ చుక్క ఎక్కడుందో ముందు చూడండి. లోడు పెట్టిన నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) మీదో, కింద బిగించిన అంచు దగ్గరో ఉంటే దానికీ ఎముకకీ సంబంధం లేదు, మీరు బలం పెట్టిన తీరే దానికి కారణం. ఒక్క నోడ్ మీద బలం పెడితే మెష్ (ఎలిమెంట్ల వల) ఎంత సన్నబరిస్తే స్ట్రెస్ అంత పెరుగుతూనే పోతుంది. తల పైభాగంలో రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న టోపీలాంటి ప్రాంతం మీద బలాన్ని పరచండి. కింద బిగించే చోటు మీకు కావలసిన ప్రాంతానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫలితాలు చదివేటప్పుడు ఈ రెండు చోట్లనూ వదిలేయండి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఆ 600 న్యూటన్లే. తుంటి కీలు మీద పడేది ఒంటి బరువు ఒక్కటే కాదు. ఒంటికాలి మీద నిలబడ్డ క్షణంలో నడుం పక్కకి ఒరగకుండా పిరుదు కండరాలు గట్టిగా లాగుతాయి, ఆ లాగుడు కూడా కీలు మీదే పడుతుంది. సెన్సర్లు అమర్చిన కృత్రిమ తుంటి కీళ్లతో బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కొలిచి 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం మామూలు నడకలో ఇది ఒంటి బరువుకి దాదాపు 2.4 రెట్లు. అంటే మీ మనిషికి సుమారు 1400 న్యూటన్లు. ఈ బలం నిట్టనిలువుగా ఉండదు. విడగొడితే కిందికి 1350, బయటివైపుకి 320, వెనక్కి 190 దాకా వస్తాయి. దానికి తోడు తొడ ఎముక పైకొసన బయటివైపు పొడుచుకొచ్చిన గడ్డ మీద పిరుదు కండరం లాగే బలం, సుమారు ఒంటి బరువంత, పైకీ లోపలికీ పెట్టాలి. కండరాలు పెట్టకుండా కీలు బలం ఒక్కటే పెడితే ఎముక ఉన్నదానికన్నా ఎక్కువ వంగినట్టు చూపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, డబ్బు పెట్టక్కర్లేదు. స్కాన్‌లోంచి ఎముకను వేరు చేయడానికి త్రీడీ స్లైసర్, మెష్‌కి జీమెష్, లెక్కకి కాల్‌క్యులిక్స్ గానీ ఫెబయో గానీ, ఎలిమెంట్లకు గట్టిదనం పంచడానికి బోన్‌మ్యాట్ సరిపోతాయి.

స్కాన్ అడిగేటప్పుడు ఫిల్మో జేపెగ్ బొమ్మలో తీసుకోకండి. డైకామ్ ఫైళ్లు (స్కానర్ అసలు అంకెలతో ఇచ్చేవి) కావాలి, అదీ 1 మిల్లీమీటరు లోపు మందం ఉన్నవి. డాక్టరు చూసుకోడానికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంతో తీసి ఇస్తారు, వాటితో చేస్తే ఎముక పక్కలు మెట్లమెట్లుగా వస్తాయి. పదునైన 'బోన్' కెర్నల్‌తో (స్కాన్ బొమ్మను కట్టే లెక్కల వడపోతతో) తీసినవి కంటికి బాగుంటాయి గాని, అంచుల దగ్గర హౌన్స్‌ఫీల్డ్ సంఖ్యలను (సీటీలో ఒక్కో చుక్క చిక్కదనాన్ని చెప్పే అంకెలను) ఉన్నదానికన్నా పెంచి చూపిస్తాయి. సాధారణ కెర్నల్‌వే అడగండి. పేషెంటు పేరు, నంబరు తీసేయించి, అనుమతి కాగితం ఉన్న స్కానే వాడాలి.

హౌన్స్‌ఫీల్డ్ సంఖ్య నేరుగా సాంద్రత కాదు. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000 అని పెట్టుకున్న కొలమానం అది. స్కాన్ తీసేటప్పుడు తెలిసిన ఖనిజ సాంద్రతలున్న ఫాంటమ్‌ను (నమూనా దిమ్మెను) పేషెంటు కింద ఉంచి, దాంతో గీత గీసి సాంద్రతలోకి మార్చాలి. ఫాంటమ్ లేని స్కాన్‌తో చేసే మోడల్ పోలికకి పనికొస్తుంది, కచ్చితమైన అంకెలకు పనికిరాదు. ఈ మాట మీ ప్రాజెక్టు రిపోర్టులో రాయండి, పరీక్షకులు హర్షిస్తారు.

సాంద్రత నుంచి గట్టిదనం కట్టడానికి తొడ ఎముక మెడకు (తలను కింది ఎముకతో కలిపే సన్నని భాగానికి) ఎక్కువగా వాడేది మోర్గన్ బృందం 2003లో ఇచ్చిన సూత్రం: సాంద్రతను ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో తీసుకుని, 1.49 ఘాతానికి పెంచి, 6850తో గుణిస్తే మెగాపాస్కల్‌లో యంగ్ గుణకం (గట్టిదనం కొలత) వస్తుంది. సాంద్రత 0.3 అయితే 1140, 0.6 అయితే 3200, 1.8 అయితే 16,400 వరకు. సాంద్రత రెట్టింపైతే గట్టిదనం 2.8 రెట్లవుతుందన్నమాట. గ్రాములకు బదులు ఘన మీటరుకి కిలోల్లో వేస్తే ఎముక ఉక్కు కన్నా గట్టిదై కూర్చుంటుంది, కంప్యూటర్ కిక్కురుమనదు. పాయిసన్ నిష్పత్తి (ఒకవైపు నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందనే లెక్క) 0.3 చాలు.

పొడవు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో ఉంటే స్ట్రెస్ దానంతటదే మెగాపాస్కల్‌లో వస్తుంది. పది నోడ్ల టెట్రాహెడ్రా (నాలుగు ముఖాల ఎలిమెంట్లు) వాడండి, నాలుగు నోడ్లవి వంగడానికి మొరాయిస్తాయి. అంచు పొడవు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. తర్వాత దాన్ని సగం చేసి మళ్లీ లెక్కించండి. కీలక చోట్ల స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎంత వంతు సాగిందో, నొక్కుకుందో చెప్పేది) 5 శాతానికి మించి మారితే మెష్ ఇంకా సన్నబడాలి. పై పొర మీద ఓ కన్నేసి ఉంచండి. మెడ దగ్గర గట్టి పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి, సరిహద్దు ఎలిమెంట్లు పక్క కండరం సంఖ్యను కూడా కలుపుకుని మెత్తబడిపోతాయి. సగటు తీసేటప్పుడు ఎముక హద్దు దాటిన పిక్సెళ్లను వదిలేయాలి.

చివరగా రెండు సరిచూపులు. బిగించిన చోట వచ్చే ప్రతిచర్య బలాలన్నీ కలిపితే మీరు పెట్టిన లోడుకి సరిపోవాలి. నడకలో స్ట్రెయిన్ కొన్ని వందల మైక్రోస్ట్రెయిన్ (ఒక్కోటి పొడవులో పది లక్షల్లో ఒక వంతు మార్పు) దగ్గర ఉండాలి. బతికున్న మనిషి కాలి ఎముక మీద గేజ్‌లు అతికించి కొలిచినప్పుడు గట్టి పరుగులో కూడా అది 2000 దాటలేదు. ఇక విరిగేదీ లేనిదీ తేల్చడానికి స్ట్రెస్ కన్నా స్ట్రెయిన్ మెరుగు. లాగితే 0.73 శాతం, నొక్కితే 1.04 శాతం దాటిన ఎలిమెంట్లు ఎన్ని ఒకేచోట గుమిగూడాయో చూడండి.

ప్రశ్న: మా చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎక్స్‌రేల్లో ఎముకలు తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. సాంద్రత ఎక్కువుంటే బలం కూడా ఎక్కువే కదా? వీళ్ల వెన్నెముకను కంప్యూటర్ మోడల్ చేస్తే సరైన బలం తెలుస్తుందా?
(ఫిజియోథెరపిస్టు, కనిగిరి)

జవాబు: మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసింది ఇక్కడే. 1937లో షార్ట్ బృందం మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి దాన్ని వర్ణించింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎముక మోడళ్లలో వాడే సూత్రాలు మాత్రం ఫ్లోరైడ్ సోకని ఎముకల మీద కొలిచినవే. మీ ప్రశ్న సరిగ్గా అక్కడ తగిలింది.

పై జవాబులోని సూత్రం సాంద్రత పెరిగితే గట్టిదనం, దాంతోపాటు బలం పెరుగుతాయని నమ్ముతుంది. ఫ్లోరైడ్ ఎముకలో సాంద్రతకూ బలానికీ పొత్తు చెడుతుంది. ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ చోట ఫ్లోరైడ్ చేరి స్ఫటికాల తీరు మారుతుంది, ఖనిజానికీ కొల్లాజెన్ అనే ప్రోటీన్ నారకూ మధ్య పట్టు తగ్గుతుంది, ఖనిజం పట్టని పచ్చి ఎముక అక్కడక్కడా మిగిలిపోతుంది. మార్కాపురం పలక ఎంత గట్టిదైనా వంగదు, చేయి జారితే పగులుతుంది. ఆ ఎముక తీరు కూడా అంతే.

దీనికి ఎదురులేని రుజువు అమెరికాలో జరిగింది. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు మందుగా రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి నాలుగేళ్లు చూశారు. మేయో క్లినిక్ రిగ్స్ బృందం 1990లో ఫలితాలు ప్రకటించింది. నడుం వెన్నుపూసల సాంద్రత 35 శాతం, తొడ మెడలో 12 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, చేతులు, కాళ్ల ఎముకల విరుగుళ్లు పెరిగాయి. సాంద్రతను చూసి బలం చెప్పే మోడల్ అయితే వీళ్లందరికీ 'భేషుగ్గా ఉంది' అనే జవాబే ఇచ్చేది.

కాబట్టి మోడల్ చేయొచ్చు గాని మూడు చోట్ల మార్చాలి. మొదటిది, సాంద్రత నుంచి వచ్చిన గట్టిదనాన్ని అలాగే ఉంచి, విరిగే హద్దును మాత్రం 10, 20, 30 శాతం చొప్పున తగ్గించి మూడుసార్లు లెక్కించండి. ఒకే అంకె చెప్పకుండా, ఇంత నుంచి ఇంత అని హద్దులు చెప్పండి. రెండోది, ఎముక లొంగాక ఇంకొంత సాగి నిలబడుతుందనే మామూలు ఊహ తీసేసి పెళుసుగా పగిలేలా పెట్టండి. మూడోది వెన్నెముకకి అన్నిటికన్నా ముఖ్యం. ఆరోగ్యవంతుడి మోడల్‌లో లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) లాగినప్పుడే పనిచేసే స్ప్రింగులు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో అవి ఎముకగా మారతాయి. సీటీలో తెల్లగా కనిపించిన ప్రతి లిగమెంటునూ ఎముక ఎలిమెంట్లతోనే కట్టాలి. అప్పుడు పూసల మధ్య కదలిక పోయి వెన్ను మొత్తం ఒకే కర్రలా బలం మోస్తుంది, ఆ కర్ర ఆగిపోయిన చోట, అంటే ఇంకా కదిలే పూసల దగ్గర, స్ట్రెయిన్ ఎగబాకుతుంది. మీరు చికిత్సలో మెడను గానీ నడుమును గానీ బలంగా తిప్పకూడని కారణాల్లో ఇదొకటి. వెన్నుపాము కాలువ ఇరుకైపోవడం మరొకటి, కాళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు ఉంటే ముందు న్యూరో పరీక్షకు పంపాలి.

తాగునీటి విషయం ఈ శీర్షికలో అడగలేదు గానీ, భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

ప్రశ్న: ఎముక తనను తాను మార్చుకునే లెక్కను రాశాను. స్ట్రెయిన్ శక్తి (బలం పడ్డప్పుడు లోపల నిల్వయ్యే శక్తి) ఎక్కువున్న ఎలిమెంటులో సాంద్రత పెంచుతూ, తక్కువున్న చోట తగ్గిస్తూ పోతే 30, 40 సార్లు లెక్క తిప్పాక నలుపు తెలుపు గళ్ల బొమ్మ వస్తోంది. చదరంగం బల్లలా ఉంది. ఎముక ఎక్కడా కనబడదు.
(పరిశోధక విద్యార్థి, కావలి)

జవాబు: మీ కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు, ఆ సమీకరణం గుణమే అది. వైనన్స్, హ్యూస్కెస్, గ్రూటెన్‌బోర్ 1992లోనే ఈ జబ్బును బయటపెట్టారు. గట్టిదనం సాంద్రత ఘనానికి అనుపాతమని పెట్టి, ప్రతి ఎలిమెంటుకీ ఒక్కో సాంద్రత ఇస్తే, పక్క ఎలిమెంటు కన్నా పిసరంత గట్టిగా ఉన్నది ఇంకాస్త భారం లాక్కుంటుంది, భారం పెరగడంతో ఇంకా గట్టిపడుతుంది. పక్కది ఆకలితో అరిగిపోతుంది. చివరికి సాంద్రతలన్నీ పై హద్దుకో కింది హద్దుకో చేరి ఆగుతాయి.

మందు రెండు రకాలు. సాంద్రతను ఎలిమెంట్లలో కాకుండా నోడ్లలో ఉంచి మధ్యలో నున్నగా పరిస్తే గళ్లు పోతాయి, జేకబ్స్ బృందం 1995లో చూపినది ఇదే. రెండోది ఎముక జీవశాస్త్రానికి దగ్గరిది. ఎముకలో చిక్కుకుని బతికే ఆస్టియోసైట్ కణాలు బలాన్ని పసిగట్టి చుట్టూ కబురు పంపుతాయి. ఆ కబురు దూరం పెరిగేకొద్దీ ఘాతీయంగా బలహీనపడుతుందని మల్లెండర్, హ్యూస్కెస్ 1995లో రాశారు. ప్రభావ దూరం 0.1 మిల్లీమీటరు వరసలో ఉంటుంది. మీ మెష్ అంతకన్నా ముతకదైతే ఈ పద్ధతి పెట్టినా లాభం లేదు, కబురు పక్క ఎలిమెంటు దాకానైనా చేరదు.

ఇంకో సంగతి. ప్రతి చిన్న తేడాకీ స్పందించకుండా మధ్యలో నిశ్చల పట్టీ ఒకటి ఉంచండి. ఫ్రాస్ట్ 1987లో చెప్పిన 'మెకానోస్టాట్' ఊహలో కొన్ని వందల మైక్రోస్ట్రెయిన్ లోపు ఎముక తరుగుతుంది, సుమారు 1500 దాటితే పెరుగుతుంది, నడుమ ఉన్నదున్నట్టు ఉంటుంది. ఎముక తొలిచే పని రెండు నాలుగు వారాల్లో అయితే, తిరిగి కట్టి ఖనిజం పట్టించడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తరుగుదలకూ పెరుగుదలకూ ఒకే వేగం పెట్టిన మోడల్, మంచం పట్టి లేచినవాళ్ల ఎముకను అసలు కన్నా తొందరగా కోలుకున్నట్టు చూపిస్తుంది.

లోడు కూడా చూసుకోండి. కదలని బరువుకు ఎముక స్పందించదు. 1984లో రూబిన్, ల్యాన్యన్ కోడిపుంజు రెక్క ఎముకపై చేసిన ప్రయోగంలో రోజుకు 36 సార్లు ఇచ్చిన లోడుతో ఎముక పెరిగింది. స్థిరంగా ఉంచిన లోడు ఇదే పని చేయలేకపోయింది. స్ట్రెయిన్ విలువ ఒక్కటే వాడితే మీ మోడల్‌కు నిలబడ్డం, గెంతడం రెండూ ఒకటే. స్ట్రెయిన్ మారే వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకురండి.

ప్రశ్న: మా అమ్మకు ముంగాలి ఎముక (మోకాలి కింద ముందువైపు ఎముక) విరిగి ఐదు నెలలైంది, ప్లేటు వేశారు, ఇంకా అతుక్కోలేదంటున్నారు. అయస్కాంతాల బెల్టు కట్టుకుంటే ఎముకలో కరెంటు పుట్టి అతుక్కుంటుందని ఒకరు అమ్ముతున్నారు. నిజమేనా? క్షేత్రాల ప్రభావాన్ని కంప్యూటర్‌లో చూడొచ్చా?
(నెల్లూరు)

జవాబు: ఎముకలో విద్యుత్తు ఉన్న మాట నిజం. ఎండిన ఎముకను నొక్కితే విద్యుత్తు పుడుతుందని జపాన్‌లో ఫుకాడా, యాసుడా 1957లో చూపారు. బతికున్న తడి ఎముకలో సన్నని కాలువల గుండా ద్రవం పారడం వల్ల పుట్టే వోల్టేజే ఎక్కువ. అంతమాత్రాన బెల్టు అమ్మేవారి మాట నిజం కాదు. కదలని అయస్కాంతం స్థిరంగా ఉన్న కణజాలంలో విద్యుత్ క్షేత్రం పుట్టించదు. క్షేత్రం మారాలి.

లెక్క చిన్నదే. కాలును గుండ్రని కడ్డీ అనుకుంటే, అయస్కాంత క్షేత్రం మారే వేగాన్ని వ్యాసార్ధంతో గుణించి రెండుతో భాగిస్తే పుట్టే విద్యుత్ క్షేత్రం వస్తుంది. ఆస్పత్రుల్లో ఎముక అతకడానికి వాడే, అయస్కాంత క్షేత్రాన్ని విడతలు విడతలుగా పుట్టించే పల్స్ పరికరాల్లో క్షేత్రం 2 మిల్లీటెస్లా ఎత్తుకు 200 మైక్రోసెకన్లలో ఎగిరితే వేగం సెకనుకు 10 టెస్లా. వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు వేసుకుంటే సెంటీమీటరుకి 2 మిల్లీవోల్టులు. బెల్టులోని అయస్కాంతానికి ఆ వేగం సున్నా, కాబట్టి జవాబూ సున్నా.

మోడల్ చేయాలంటే ఎల్మర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. కండరం, ఎముక అయస్కాంత క్షేత్రాన్ని కదిలించవు కాబట్టి తీగచుట్ట క్షేత్రాన్ని ముందు గాలిలోనే లెక్కించి, తర్వాత కణజాలంలో కరెంటు చూస్తారు. గట్టి ఎముక వాహకత్వం మీటరుకి 0.02 సీమెన్స్, కండరానికి 0.2 నుంచి 0.35 వరకు. కరెంటు ఎముకను వదిలి కండరంలోంచి పోతుంది. టైటానియం ప్లేటు వాహకత్వం ఎముక కన్నా కోటి రెట్లకు పైనే. స్క్రూ మొనల దగ్గర క్షేత్రం గుమిగూడుతుంది, అక్కడ మెష్ 0.2 మిల్లీమీటరు దాకా సన్నబరచకపోతే అంకెలను నమ్మొద్దు.

ఈ పల్స్ పరికరాలకు అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1979లో అనుమతిచ్చింది. విరిగి తొమ్మిది నెలలై, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో మార్పేమీ లేకపోతే అతుకు ఆగిపోయిందనే నిర్వచనం కూడా అక్కడిదే. మీ అమ్మగారికి ఐదు నెలలే కాబట్టి ఆశ వదులుకోనక్కర్లేదు. అల్ట్రాసౌండ్ పరికరం గురించి కూడా ఎవరైనా చెప్పొచ్చు. దానికి 1994లో అనుమతి వచ్చింది గాని, ముంగాలి విరుగుళ్ల మీదే చేసిన పెద్ద పరీక్షలో, 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, లాభం కనిపించలేదు.

డాక్టరును అడగాల్సింది వేరే. విరిగిన ముక్కల మధ్య కదలిక ఎంత ఉంది? సందు 2 మిల్లీమీటర్లు, అడుగు వేసినప్పుడు కదలిక 0.2 మిల్లీమీటరు అయితే స్ట్రెయిన్ 10 శాతం. ఎముక అతుకులపై పరిశోధించిన పెర్రెన్ చెప్పిన లెక్కలో 2 శాతం లోపైతే ఎముక నేరుగా పుడుతుంది, 10 దాకా మృదులాస్థి నిలబడుతుంది, అంతకు మించితే ఆ రెండూ నిలవవు, మెత్తటి కణజాలమే మిగులుతుంది. స్క్రూ వదులైందా, సందులో చీము ఉందా, షుగర్ అదుపులో ఉందా, చుట్ట, బీడీ, పొగాకు అలవాటు ఏమైనా ఉందా అనేవి ఏ క్షేత్రం కన్నా ముందు చూడాల్సినవి. కాలు మీద ఎంత బరువు మోపాలో కూడా డాక్టరునే అడిగి అంతే మోపించండి. భయపడి అసలే మోపకపోయినా అతుకు ఆలస్యమవుతుంది.

ప్రశ్న: గ్రానైట్ క్వారీలో డ్రిల్లు పట్టే పని మాది. వణుకు ఎముకకు మంచిదని, వైబ్రేషన్ పలకలు అమ్ముతున్నారని చదివాను. మాకు ఊరికే దొరుకుతున్నట్టేనా?
(చీమకుర్తి)

జవాబు: లేదు. ఆ పలకలు 30 నుంచి 90 హెర్ట్జ్ మధ్య, భూమ్యాకర్షణలో మూడో వంతు త్వరణంతో, నిలబడ్డ మనిషిని రోజుకు 20 నిమిషాలే వణికిస్తాయి. గొర్రెల మీద 2001లో మంచి ఫలితం వచ్చింది. ముట్లుడిగిన స్త్రీల మీద ఏడాది పాటు చేసి 2011లో ప్రకటించిన పరీక్షలో ఎముక సాంద్రతలో తేడా రాలేదు. రాతి డ్రిల్లు వణుకు చేతుల్లోంచి వస్తుంది, దాని తాకిడి వేళ్ల రక్తనాళాలు, నరాల మీద. ఐరోపా నిబంధనల్లో చేతి వణుకు ఎనిమిది గంటల సగటున సెకను స్క్వేరుకి 2.5 మీటర్లు చేరితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వకూడదు. బ్రేకరు, డ్రిల్లు లాంటివాటితో ఆ హద్దు పూట గడవకముందే దాటుతుంది. మనుషులను మార్చుకుంటూ పట్టండి, మొద్దుబారిన బిట్టు వెంటనే మార్చండి, హ్యాండిల్‌ను అవసరానికి మించి గట్టిగా పిడికిలి పట్టకండి. తెల్లవారుజాము చలిలో వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతుంటే ఆ పని ఆపి డాక్టరుకు చూపించండి, వేళ్లు తెల్లబడ్డప్పుడు ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే చెప్పడం తేలిక.